మల్లీశ్వరి మెడల్ తెచ్చిన ఏడాది మేం సైకిలెక్కాం

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస చుట్టుపక్కల ఊళ్లలో నా ఈడు ఆడవాళ్లని సైకిల్ ఎప్పుడు నేర్చుకున్నారని అడిగి చూడండి. సంవత్సరం చెప్పేవాళ్లు తక్కువ. "మల్లీశ్వరికి మెడల్ వచ్చింది కదా, అప్పుడు" అంటారు. నేనూ అదే అంటాను. ఒకమ్మాయి బరువులెత్తి పతకం తెస్తే ఊళ్లో ఆడపిల్లలు సైకిలెక్కడమేమిటని బయటివాళ్లకి అనిపించొచ్చు. మాకు మాత్రం అవి ఒకదాని వెనక ఒకటి వచ్చిన సంగతులు. వాటి గురించి రాయాలని నాకు ఎప్పటి నుంచో ఉంది.

కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస మండలం ఊసవానిపేట. తండ్రి రైల్వే రక్షణ దళంలో కానిస్టేబుల్. ఆమదాలవలసలోనే నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర బరువులెత్తడం నేర్చుకుంది. 1994లో ఇస్తాంబుల్‌లోనూ, 1995లో చైనాలోని గ్వాంగ్‌జౌలోనూ 54 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్ అయింది. ఖేల్ రత్న ఇచ్చారు, 1999లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ ఊళ్ల పేర్లు మా పెద్దవాళ్లకి నోరు తిరిగేవి కావు గానీ, "మన మల్లీశ్వరి" అనడం మాత్రం అప్పటికే అలవాటైపోయింది. ఎవరింట్లో ఆడపిల్ల కాస్త దిట్టంగా నీళ్ల బిందె ఎత్తినా "ఇది మరో మల్లీశ్వరి" అనేవాళ్లు.

2000 సెప్టెంబర్ 19, మంగళవారం. సిడ్నీ ఒలింపిక్స్. ఆడవాళ్లకి ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ పెట్టడం అదే మొదటిసారి. మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో దిగింది. స్నాచ్‌లో, అంటే ఒక్క ఊపులో తల మీదికి ఎత్తడంలో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో, అంటే ముందు భుజాల దాకా, తర్వాత తల మీదికి ఎత్తడంలో 130, మొత్తం 240 కిలోలు. కాంస్యం వచ్చింది. చైనా అమ్మాయి లిన్ వైనింగ్, హంగరీ అమ్మాయి మార్కుష్ ఇద్దరూ 242.5 ఎత్తారు. ఒంటి బరువు తక్కువని లిన్‌కి బంగారం ఇచ్చారు. అంటే మన అమ్మాయికీ బంగారానికీ తేడా రెండున్నర కిలోలు. ఆఖరి ప్రయత్నంలో ఆమె ఏకంగా 137.5 కిలోలకి వెళ్లింది. అది నిలిచి ఉంటే బంగారమే. నిలవలేదు. ఆ ఒలింపిక్స్ మొత్తంలో మన దేశానికి వచ్చిన పతకం అదొక్కటే. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ మా పక్కూరి మనిషి.

మా నాన్న ఆమదాలవలస చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ పని చేసేవారు, చెరుకు బళ్లు తూచే కాటా దగ్గర. సీజన్ లేనప్పుడు వ్యవసాయం. కాటా మనిషి కాబట్టి కిలోల లెక్క ఆయనకి బాగా ఎక్కింది. మర్నాడు పేపరు పట్టుకుని అరుగు మీద కూర్చుని వచ్చిన ప్రతి ఒక్కరికీ విడమరిచి చెప్పారు. 130 కిలోలంటే దగ్గర దగ్గర రెండు ధాన్యం బస్తాలు, నడుం మీద మోయడం వేరు, చేతులు చాపి తల మీదికి ఎత్తి నిలబడటం వేరు, అని. ఆ 137.5 సంగతి వచ్చేసరికి ఆయన గొంతు మారేది. "ఎండి సాల్లే అనుకోలేదమ్మా ఆ పిల్ల. బంగారవే కావాలనుకుంది" అనేవారు. ఆ మాట ఆయన ఎన్నిసార్లు అన్నా నాకు విసుగు పుట్టలేదు.

అప్పుడు నేను ఎనిమిదో తరగతి. ఊళ్లో ఏడు వరకే ఉంది. హైస్కూల్ ఆమదాలవలసలో, మా ఊరికి నాలుగు కిలోమీటర్లు. మగపిల్లలు సైకిళ్ల మీద పోయేవాళ్లు. మేం నడిచేవాళ్లం. ఆ రోజుల్లో మా వైపు గోగు పంట బాగా వేసేవారు. సెప్టెంబర్, అక్టోబర్ వచ్చేసరికి కోసిన గోగు కట్టలు నార తీయడానికి చెరువుల్లో నానబెట్టేవారు. ఆ కుళ్లు వాసన రోడ్డు పొడవునా ముక్కు పట్టేసేది. వర్షం, బురద, పుస్తకాల సంచి, ఆ వాసన. సాయంత్రం ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళయ్యేది. నాతో ఏడు పాసైన ఆడపిల్లల్లో సగం మంది ఆ దూరం చూసే మానేశారు. చదువు రాక మానలేదు, దారి పొడుగై మానేశారు.

మెడల్ వచ్చిన తర్వాత వారం పది రోజుల్లో మా పెదనాన్న కూతురు, నేను అప్ప అని పిలిచే అక్క, ఒక రాత్రి భోజనాల దగ్గర అడిగేసింది. తను పదో తరగతి. "చిన్నాన్నా, మాకు సైకిల్ నేర్పుతావేటి?" అంది. మా అమ్మ కంచంలో అన్నం వడ్డిస్తూ ఆగిపోయింది.

"ఆడగుంటలు సైకిలెక్కి రోడ్డు మీద ఎల్తే ఊరు నవ్వదా?" అంది అమ్మ.

"ఊసవానిపేట గుంట సిడ్నీ ఎల్లి బరువులెత్తితే ఊరు నవ్విందేటి? దేశం దేశవంతా పేపర్లో ఏసింది. ఈలు ఆమదాలవలస ఎల్లడానికి నవ్వుతారేటి?" అన్నారు నాన్న.

మామ్మ ఊరుకోలేదు. "పడి కాలిరిగితే పెళ్లెవుడు సేసుకుంతాడురా?"

"సీకట్లో నడిసొస్తే పాము కరవదేటమ్మా?"

అంతే. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ రాత్రి జరిగిన ఆ నాలుగు మాటల్ని నేను చాలాసార్లు తలుచుకుంటాను. నాన్న అంతకుముందు కూడా మంచివారే, మా చదువు మీద ఆశ ఉన్నవారే. కానీ అమ్మకీ మామ్మకీ ఎదురు చెప్పడానికి ఆయనకో ఆధారం కావాల్సి వచ్చింది. మల్లీశ్వరి ఆ ఆధారం ఇచ్చింది. అప్పటికి ఆమె పేరు చెప్తే మా ఊళ్లో ఎవరూ కాదనలేని పరిస్థితి. మా ఇంట్లో జరిగిన ఈ వాదనే, కాస్త అటూ ఇటూగా, మరికొన్ని ఇళ్లలోనూ జరిగిందని తర్వాత తెలిసింది.

నేర్చుకున్నది నాన్న సైకిల్ మీదే. నల్లది, 24 అంగుళాల ఫ్రేము. సీటు నా ఛాతీ దాకా వచ్చేది. దాని మీద కూర్చుని తొక్కడం ఎలాగూ కుదరదు కాబట్టి అడ్డతొక్కుడు. ఎడం కాలు ఎడం పెడల్ మీద, కుడి కాలు బారు కింద నుంచి దూర్చి అవతలి పెడల్ మీద, ఎడం చేత్తో హ్యాండిల్, కుడి చంకలో సీటు. ఒళ్లంతా ఒక పక్కకి, సైకిల్ ఇంకో పక్కకి వాలి ఉండాలి. ముందు సగం తొక్కుడే వస్తుంది, పెడల్ కిందికి తొక్కి మళ్లీ వెనక్కి తెచ్చుకోవడం. పూర్తి చుట్టు తిప్పగలిగిన రోజున ప్రపంచం మన చేతికొచ్చినట్టు ఉంటుంది. చైన్‌కి కవరు లేదు. లంగా అంచు పళ్లలో పడితే మనిషి, సైకిల్ కలిసి కింద పడాల్సిందే. అందుకని లంగా ఎగదోపి, మోకాలి కింద రబ్బరు బ్యాండు వేసేవాళ్లం. గ్రీజు మరకలు కిరసనాయిలుతో రుద్దితే పోయేవి, పూర్తిగా కాదు.

ఊరి బడి ముందు ఖాళీ స్థలంలో మొదలుపెట్టి, చెరువుగట్టు మీదికి వచ్చాం. అప్ప క్యారేజీ పట్టుకుని పరిగెత్తేది. వదిలేస్తే చెప్పమనేదాన్ని. చెప్పకుండా వదిలేసేది. అలా వదిలేసిందని తెలియకుండానే గట్టు చివరి దాకా వెళ్లిపోయాను. వెనక్కి తిరిగి చూస్తే తను చాలా దూరంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. నా పక్కన ఎవరూ లేరు. సైకిల్ మాత్రం పోతోంది.

ఊరి మొదట్లో పంక్చర్లు వేసే ఒకాయన ఉండేవారు. మేమంతా మావయ్య అనేవాళ్లం. తాటాకుల పాక, ముందర నీళ్ల తొట్టి, గోడకి టైర్లు. గంటకి రెండు రూపాయలకి అద్దె సైకిళ్లు ఇచ్చేవారు. ఆ టైర్ల పక్కన మల్లీశ్వరి ఫొటో ఉన్న పేపరు కాగితం మైదా జిగురుతో అంటించారు. రాడ్డు తల మీదికెత్తి, మోచేతులు నిటారుగా పెట్టి నిలబడిన ఫొటో. మొదట్లో మేం షాపు దగ్గరికి వెళ్లడానికే మొహమాటపడ్డాం. అక్కడెప్పుడూ మగపిల్లలే ఉండేవాళ్లు. ఆయనే పిలిచారు. చిన్న సైకిళ్లు రెంటికి సీటు కిందికంటా దింపి, "ఇయ్యి ఆడపిల్లలకే. ఆదివారం పొద్దున్న మగోల్లకివ్వను" అన్నారు. డబ్బుల్లేకపోతే బాకీ రాసుకునేవారు. ఆ బాకీల పుస్తకంలో మా పేర్లన్నీ ఉండేవి. ఎవరినీ గట్టిగా అడిగిన గుర్తు లేదు.

సైకిల్ అద్దెకివ్వడంతో ఆగలేదు ఆయన. దారిలో ఆగిపోతే మీ పని మీరే చేసుకోవాలని పంక్చర్ వేయడం నేర్పారు. ఆ పని నాకు ఇప్పటికీ ఇష్టం. టైరు ఒక పక్క అంచు లేపి, ట్యూబ్ బయటికి లాగి, కొంచెం గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముక్క ముక్కగా ముంచుతూ పోవాలి. బుడగలు వచ్చిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి. తుడిచి, ఆరనిచ్చి, గరుకు కాగితంతో రుద్దాలి. సొల్యూషన్ పల్చగా రాయాలి. అందరూ తొందరపడేది అక్కడే. రాసిన వెంటనే ముక్క అంటిస్తే పట్టదు. వేలు ఆనిస్తే అంటీ అంటనట్టు ఉండేదాకా ఆగాలి. అప్పుడు ముక్క పెట్టి సుత్తితో మెల్లగా కొట్టాలి. ఆఖరికి టైరు లోపల చెయ్యి పెట్టి చుట్టూ తడమాలి. గుచ్చుకున్న ముల్లు లోపలే ఉంటే పది అడుగులకే మళ్లీ పంక్చర్. మా వైపు తుమ్మముళ్లు ఎక్కువ, ఆ తడమడం మానకూడదు. ఈ పని నేర్చుకున్నాక దారి మీద భయం సగం పోయింది.

సంక్రాంతి నాటికి మా ఊరి నుంచి ఆడపిల్లల సైకిళ్లు ఆమదాలవలస రోడ్డెక్కాయి. నాన్న 800 రూపాయలకి పాత లేడీస్ సైకిల్ ఒకటి కొన్నారు, నాకూ అప్పకీ కలిపి. నేను తొక్కుతుంటే తను వెనక, తను తొక్కుతుంటే నేను వెనక. అది చెరుకు సీజన్. ఫ్యాక్టరీకి పోయే బళ్లు వరసగా రోడ్డు పట్టుకుని ఉండేవి. ఎడ్ల గంటల చప్పుడు, మా బెల్లుల చప్పుడు కలిసిపోయేవి. బళ్లవాళ్లు కొందరు చెరుకు గెడ విరిచి చేతికిచ్చేవారు. కొందరు "పక్కకి జరగండే" అని అరిచేవారు. అరిచినవాళ్లే కొన్ని రోజులకి "కాటా బాబు కూతురివా, సూసి ఎల్లమ్మా" అనడం మొదలుపెట్టారు. ఆ ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. ఇప్పుడు ఆ దారిన వెళ్తే నాకు ఆ బళ్ల వరస లేకపోవడమే ముందు కనబడుతుంది.

హైస్కూల్లో సైకిల్ స్టాండు మగపిల్లలకే అన్నట్టు ఉండేది. మా సైకిళ్లు పెరిగేసరికి ఒక వరస మాకు వదిలారు. మానేసిన అమ్మాయిల్లో ఇద్దరు మళ్లీ బళ్లో చేరారు. ఇది నా కళ్లారా చూసింది, అందుకే గట్టిగా చెప్తున్నాను.

ఒక ఆదివారం శ్రీకాకుళం దాకా వెళ్లాం. ఇంట్లో అనుమతి తెచ్చుకోవడానికి అరసవల్లి దర్శనం అన్నాం, దేవుడి పేరు చెప్తే మామ్మ కాదనదు. దర్శనం చేసుకున్న మాట నిజమే. ఆ తర్వాత ఏడు రోడ్ల జంక్షన్‌లో చెరుకురసం తాగి, కోడి రామ్మూర్తి స్టేడియం చూశాం. కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు మా ఇళ్లలో కథలాగ వినబడేది. వీరఘట్టం మనిషి, ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకున్నవాడు, గొలుసులు కట్టి కార్లని కదలకుండా ఆపినవాడు, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసినవాడు. నాన్న చిన్నప్పుడు ఆయన కథలు విని దండీలు, బస్కీలు తీసేవారట. ఈ జిల్లాలకి బలం అంటే ఎప్పుడూ గౌరవమే. ఆ గౌరవం ఆడపిల్లల దాకా రావడానికి మాత్రం మల్లీశ్వరి కావాల్సి వచ్చింది.

పదో తరగతి అయ్యాక, ఇంటర్ అయ్యాక ఒక్కొక్కళ్ల సైకిళ్లూ ఆగిపోయాయి. అది కూడా చెప్పాలి. అప్పకి ఇంటర్ తర్వాత పెళ్లయింది. సైకిల్ నాకు మిగిలింది, నా తర్వాత తమ్ముడికి పోయింది. కొందరి సైకిళ్లు అన్నయ్యలు తీసుకున్నారు, కొన్ని వర్షంలో తుప్పు పట్టాయి. చాంపియన్ ఇచ్చిన ఊపు ఏడాదో రెండేళ్లో ఉంటుంది. దాని తర్వాత సైకిల్ నడవాలంటే రోజూ వెళ్లాల్సిన చోటు ఒకటి ఉండాలి. మాకు బడి ఉన్నన్నాళ్లూ నడిచింది.

నేను డిగ్రీ, బీఈడీ చేసి లెక్కల టీచర్నయ్యాను. పెళ్లయ్యాక విజయనగరం వచ్చాను. 2012 వేసవిలో ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేసే మా మేనమామ కొడుకు ఫోన్ చేసి, "సైకిల్ కొన్నాను మరదలా" అన్నాడు. చిన్నప్పుడు మా చెరువుగట్టు మీద తొక్కినవాడే, ఆ తర్వాత ఎక్కింది లేదు. ఇప్పుడెందుకు బావా అంటే బ్రాడ్లీ విగ్గిన్స్ గురించి చెప్పాడు. 1903లో మొదలైన టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందేన్ని అప్పటిదాకా ఒక్క బ్రిటిష్ మనిషి కూడా గెలవలేదు. ఆ జులై 22న పారిస్‌లో విగ్గిన్స్ అందరికంటే ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీతో ముగించాడు. దాదాపు 3,500 కిలోమీటర్ల పోటీ, మూడు వారాలు. రెండో స్థానం కూడా అదే జట్టులోని క్రిస్ ఫ్రూమ్‌దే. మరో ఐదు రోజులకి లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో పెద్ద గంట మోగించి వేడుక మొదలుపెట్టింది విగ్గిన్సే, ఆ పసుపు రంగు జెర్సీలోనే. ఆగస్టు 1న టైమ్ ట్రయల్‌లో, అంటే ఒక్కొక్కరూ విడిగా గడియారంతో పోటీపడే పందెంలో, బంగారం గెలిచాడు.

బావ ఉండేది లండన్‌కి దక్షిణాన. షాపుకి వెళ్తే తన ఎత్తుకి సరిపడే ఫ్రేము అయిపోయిందన్నారట, రెండు వారాలు ఆగాల్సి వచ్చిందట. ఒలింపిక్ రోడ్ రేసులో మగవాళ్లు బాక్స్ హిల్ అనే కొండ తొమ్మిదిసార్లు ఎక్కారు. ఆ తర్వాత ఒక శనివారం బావ ఒక్కసారి ఎక్కడానికి వెళ్తే దారంతా తనలాంటివాళ్లే. కొత్త సైకిళ్లు, కొత్త హెల్మెట్లు, ఆయాసాలు. తాతగార్లు ఉన్నారు, పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకున్న తల్లులు ఉన్నారు. "అందరూ ఒకళ్లనొకళ్లు పలకరించుకుంటున్నారు మరదలా, ఇక్కడ అలా ఎవరూ పలకరించుకోరు" అన్నాడు. నాకు వెంటనే ఆదివారం పొద్దున్న మావయ్య పాక దగ్గర మా వరస గుర్తొచ్చింది. అదే చెప్తే బావ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆ మావయ్య నాకూ గంట అద్దె బాకీ రాసుకున్నాడు" అన్నాడు.

ఆ రోజు నుంచి ఒక సంగతి నా బుర్రలో తిరుగుతూ ఉంది. మల్లీశ్వరి లాగ బరువులెత్తాలంటే రాడ్డు కావాలి, ప్లేట్లు కావాలి, పక్కన నిలబడి చూసుకునే కోచ్ కావాలి. పరుగు పందెం చాంపియన్‌ని చూసి పరిగెత్తేవాళ్లు ఉంటారు గానీ పరుగుతో ఇంటి పని అవదు. సైకిల్ అలా కాదు. గెలిచినవాడి చేతిలో ఉన్న వస్తువు లాంటిదే మన పెరట్లోనూ గోడకి ఆనించి ఉంటుంది. ఆల్ప్స్ కొండలు మనం ఎక్కలేం. బడికి, పాల కేంద్రానికి, బజారుకి మర్నాటి నుంచే వెళ్లొచ్చు. మనసులో పుట్టిన ఉత్సాహం చల్లారకముందే చేతికి అందే ఆట ఇది. అందుకే ఎక్కడ ఎవరు గెలిచినా ఆ సంతోషం చివరికి సైకిల్ దగ్గరికే వచ్చి ఆగుతుందని నాకు అనిపిస్తుంది.

విజయనగరం దగ్గర నెల్లిమర్ల మండలంలో కొండవెలగాడ అని ఊరుంది. వెయిట్‌లిఫ్టర్ల ఊరు. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో కాంస్యం గెలిచింది. మొదటి స్థానంలో వచ్చిన అమ్మాయి డోపింగ్‌లో దొరకడంతో అది రజతమైంది. ఆ ఏడాది మా క్లాసులో ఆడపిల్లల మాటల్లో సంతోషి పేరే. తర్వాత ప్రభుత్వం బడికొస్తా పథకం కింద హైస్కూల్ ఆడపిల్లలకి సైకిళ్లు ఇచ్చింది. పొద్దున్న తొమ్మిదింటికి మా స్కూల్ గేటు దగ్గర నిలబడితే ఒకేలాంటి సైకిళ్ల వరస వచ్చేది. లంగాలు ఎగదోపుకోవడం, రబ్బరు బ్యాండ్లు అవసరం లేదు, చుడీదార్లు, చైన్‌కి కవర్లు. చూస్తుంటే కడుపు నిండిపోయేది.

2021లో టోక్యో ఒలింపిక్స్ ఆడవాళ్ల సైకిల్ రోడ్ రేసు గురించి చదివినప్పుడు మాత్రం లెక్కల టీచర్నైనందుకు నాకు గర్వంగా అనిపించింది. గెలిచింది ఆస్ట్రియా అమ్మాయి అన్నా కీసెన్‌హోఫర్. గణితంలో డాక్టరేట్. అప్పటికి ఏ ప్రొఫెషనల్ జట్టులోనూ లేదు. 137 కిలోమీటర్ల రేసులో మొదటి నుంచే ముందుకి దూకి, చివరికి ఒంటరిగా గీత దాటింది. ఒలింపిక్ రేసులో జట్టువాళ్లు సంగతులు చెప్పడానికి చెవిలో రేడియో ఉండదు. వెనకున్నవాళ్లకి ముందు ఇంకో మనిషి ఉన్నట్టే తెలియలేదు. 75 సెకన్ల తర్వాత రెండో స్థానంలో వచ్చిన నెదర్లాండ్స్ అమ్మాయి వాన్ వ్లోటెన్ తనే గెలిచాననుకుని చేతులెత్తింది. ఎంత తినాలి, ఎండకి ఎలా తట్టుకోవాలి, ఎప్పుడు కదలాలి, అన్నీ కీసెన్‌హోఫర్ సొంతంగా లెక్కలు వేసుకుంది.

బడులు తెరిచాక తొమ్మిదో తరగతి పిల్లలకి ఈ కథ చెప్పి, సైకిల్ స్టాండు దగ్గరికి తీసుకెళ్లాను. ఒక పెద్ద సైకిల్ పెడళ్ల దగ్గరుండే పళ్ల చక్రానికి ఎన్ని పళ్లున్నాయో లెక్కపెట్టమన్నాను. 44. వెనక చక్రానికుండే పళ్ల చక్రం, ఫ్రీవీల్‌కి 18. ఒక్కసారి పెడల్ పూర్తిగా తిప్పితే వెనక చక్రం ఎన్నిసార్లు తిరుగుతుంది? 44ని 18తో భాగిస్తే సుమారు 2.44. 28 అంగుళాల చక్రం చుట్టుకొలత దారంతో కొలిచి చూస్తే రెండుంపావు మీటర్లు. అంటే ఒక్క తొక్కుడుకి ఐదున్నర మీటర్లు పోతాం. నిష్పత్తి పాఠం నల్లబల్ల మీద నెల రోజులు చెప్పినా తలకెక్కని పిల్ల ఒకతి, "అయితే టీచర్, ఎనక పళ్లు ఎక్కువైతే కొండెక్కడం సులువు, దూరం తక్కువ" అంది. నేను చెప్పకుండానే గేర్లు ఎందుకున్నాయో ఆ పిల్ల కనిపెట్టేసింది. ఆ సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు పిల్లలు ఎన్ని తొక్కుళ్లకి ఇల్లొస్తుందో పైకి లెక్కపెట్టుకుంటూ వెళ్లారు.

మన దేశంలోనూ సైకిల్ చాంపియన్లు వస్తున్నారు. వాళ్ల పేర్లు మన పిల్లలకి తెలియవు, అదే నా బాధ. ఈసో ఆల్బెన్ 2018లో స్విట్జర్లాండ్‌లో జరిగిన జూనియర్ ప్రపంచ ట్రాక్ పోటీల్లో కీరిన్ అనే పందెంలో రజతం గెలిచాడు. ప్రపంచ స్థాయిలో మన సైక్లింగ్‌కి అదే మొదటి పతకం. రొనాల్డో సింగ్ 2022లో ఢిల్లీలో ఆసియా ట్రాక్ పోటీల్లో స్ప్రింట్ రజతం గెలిచాడు. డెబోరా హెరాల్డ్ 2004 సునామీలో తొమ్మిదేళ్ల పిల్లగా చెట్టు పట్టుకుని రోజుల తరబడి ఉండి బతికింది, పెద్దయ్యాక దేశంలోనే మేటి సైక్లిస్టుల్లో ఒకరైంది. డెబోరాదీ ఆల్బెన్‌దీ అండమాన్ నికోబార్ దీవులే. నాలుగు వైపులా సముద్రమున్న చోట ఒక అమ్మాయి పైకొచ్చాక మరికొందరు వచ్చారు. ఇంత పొడవు రోడ్లున్న మన జిల్లాల్లో ఎందుకు రారు? కొండవెలగాడకి వచ్చింది ఇంకో ఊరికీ రావాలి. ఆ మొదటి పేరు ఎవరిదవుతుందో చూడాలని నాకు చాలా ఆశగా ఉంది.

ఈ ఏడు మా క్లాసులో ఒక పిల్లకి సైకిల్ ఉన్నా వాళ్ల నాన్న తొక్కనివ్వడం లేదు. ఆటోలో పంపిస్తున్నారు. రోడ్డు మీద లారీలు పెరిగాయని ఆయన భయం, అది తీసిపారేసే భయం కాదు. ఆయన్ని బడికి పిలిపించి మాట్లాడాను. మల్లీశ్వరి పేరు చెప్తే, "మా చిన్నప్పుడు టీవీలో చూశాం టీచర్ గారూ" అన్నారు. ఊరి లోపలి దారి గుండా, మిగతా పిల్లలతో కలిసి వెళ్లేట్టు ఒప్పుకున్నారు. పొద్దున్న కొన్నాళ్లు తనే వెనక మోటార్ సైకిల్ మీద వస్తానన్నారు. రమ్మన్నాను.

సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో కలిసి నెల్లిమర్ల మీదుగా రామతీర్థం దాకా సైకిళ్ల మీద వెళ్లాలని అనుకుంటున్నాం. తల్లిదండ్రుల సంతకాలు తీసుకుంటున్నాను. ఎవరి సైకిల్‌కి వాళ్లు గాలి కొట్టించుకుని, బ్రేకులు చూపించుకుని, నీళ్ల సీసా తెచ్చుకోవాలి. పంక్చర్ సామాను నేను పట్టుకొస్తాను. అప్ప ఇప్పుడు అంగన్‌వాడీలో పనిచేస్తోంది, రోజూ స్కూటీ మీద తిరుగుతుంది, తను కూడా వస్తానంది. తన ఎత్తుకి సరిపోయే సైకిల్ మా వీధిలో ఒకటి చూసి ఉంచాను. వెనక బ్రేకు మార్పించాలి, సీటు కొంచెం దింపించాలి.